మూడో దబ్బనం

బియ్యం జల్లించేటప్పుడు కింద పడేవి నూకలు, పైన నిలిచేది బియ్యం. విడవలూరులో పుట్టిన ఆడపిల్లకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా మా అక్క నాకు చెప్పింది, నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసి మరీ చెప్పింది. నేను ఊహ తెలియని పిల్లగా ఉన్నప్పుడే అమ్మ పోయింది. జడలు వేసింది, బడికి తరిమింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకు కూర్చున్నది అంతా అక్కే. తిట్టడంలో కూడా ఆమెకు ఆమే సాటి.

"నూకలు కోళ్ళకు, బియ్యం డబ్బాలోకి. ఒకసారి డబ్బాలో పోసినాక మళ్ళా జల్లెడ మొకం చూపించబాక. ఇంట్లో గింజ నిలవదు" అనేది. ఎందుకు నిలవదని నేనడిగితే ఇంకో మొట్టికాయ. మా వైపు ఇళ్ళన్నిటా ఇదే మాట. జల్లించడం అయిపోయిన బియ్యం అయిపోయినట్టే, దాని జోలికి మళ్ళీ పోకూడదు. ఈ చిన్న పట్టింపు ఒకనాడు మా అక్క ప్రాణం మీదికి తెస్తుందని అప్పుడెవరికి తెలుసు?

నా బడి చదువు ముగిసింది అరవైలు మొదలైన రోజుల్లో. నెల్లూరులో ఒక క్షయ ఆసుపత్రిలో నాకు పని దొరికింది. రోగుల వివరాలు రాసే గదిలో పని. అక్కడ నాకంటే ముందునుంచీ ఒకామె ఉండేది. బోగోలు దగ్గర పల్లె ఆమెది, చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. నేను ఆమెను పిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను "ఏమ్మే" అనేది. ఎంత పని చేసినా ఆమె నోట మెచ్చుకోలు రాదు. తప్పు చేస్తే మాత్రం ఆ గది పైకప్పు ఎగిరిపోయేది. నాకూ నోరు తక్కువేం కాదు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది.

మా డాక్టరమ్మగారు పైదేశంలో చదువుకొని వచ్చిన మనిషి. వస్తూ వస్తూ అక్కడినుంచి ఒక కొత్త పద్ధతి తెచ్చారు. ఒక్కో రోగికి ఒక్కో అట్టకార్డు. కార్డు అంచుల చుట్టూ బెజ్జాలు. ఒక బెజ్జం విడవలూరు వైపు వాళ్ళది, ఇంకోటి బోగోలు వైపు వాళ్ళది, ఒకటి కఫంలో క్రిమి కనబడిన వాళ్ళది, ఒకటి ఎక్సరేలో మచ్చ ఉన్నవాళ్ళది, మూలనున్నది ఇంట్లో ఐదేళ్ళలోపు బిడ్డ ఉన్నవాళ్ళది. ఆ సంగతి రోగికి వర్తిస్తే, బెజ్జం నుంచి అంచుదాకా కత్తిరిస్తాం. వర్తించకపోతే బెజ్జాన్ని ముట్టుకోం. తర్వాత కార్డులన్నీ దొంతిగా పేర్చి, కావలసిన బెజ్జంలోంచి పొడుగాటి ఉక్కు సూది దూర్చి, పైకెత్తి ఊపాలి. కత్తిరించిన కార్డులు జారి కింద పడతాయి. తక్కినవి సూదికి వేలాడతాయి. వందల కార్డుల్లోంచి కావలసినవాళ్ళను కన్నుమూసి తెరిచేలోగా ఏరుకోవచ్చు. ఆ సూదికి డాక్టరమ్మగారు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పారు గానీ, గోనెసంచులు కుట్టే దబ్బనం చూసి పెరిగిన మాకు అది దబ్బనమే.

మొదటిరోజే నా పరువు పోయింది. దబ్బనం ఊపాను, కార్డులు రాలాయి. రాలినవాటిని గబగబా ఎత్తి మూలనున్న బుట్టలో పడేసి, దబ్బనానికి మిగిలినవాటిని భద్రంగా తెచ్చి పిన్నమ్మ ముందు పెట్టాను. ఆమె బుట్టకేసి చూసింది, నాకేసి చూసింది.

"ఏమ్మే, మనకు కావాల్సినోళ్ళను బుట్టలో పోసి, అక్కర్లేనోళ్ళను నెత్తిన పెట్టుకొచ్చినావా? ఇవి నూకలనుకున్నావా?"

అవును, నూకలనే అనుకున్నాను. చేతులకు అలవాటైన పని బుర్ర మాట వింటుందా?

ఇంకోసారి, విడవలూరు వైపు వాళ్ళనీ బోగోలు వైపు వాళ్ళనీ ఒకే రోజు ఎక్సరేకు పిలవాలన్నారు. సరే, రెండూళ్ళ బెజ్జాల్లో రెండు దబ్బనాలు ఒకేసారి దూర్చి ఎత్తాను. ఊపాను. ఒక్క కార్డూ పడలేదు. ఇంకా గట్టిగా ఊపాను. ఊహూ. పిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.

"రెండు దబ్బనాలు ఒక్కసారే దూరిస్తే, రెండు బెజ్జాలూ తెగినోడే కదా పడేది? రెండూళ్ళలో కాపరముండేవాడు యాడుంటాడే? మా ఊళ్ళో ఒకడుండాడులే ఇద్దరు పెళ్ళాలోడు. వాడికింకా దగ్గు రాలా."

తర్వాత ఆమే చూపించింది. వీళ్ళైనా సరే, వాళ్ళైనా సరే అనుకున్నప్పుడు దబ్బనాలు ఒకదాని తర్వాత ఒకటి. మొదటిదానికి పడినవాళ్ళను పక్కన పెట్టి, మిగిలినవాళ్ళకు రెండోది దూర్చి, అప్పుడు పడినవాళ్ళను కూడా తెచ్చి ముందువాళ్ళతో కలపాలి. ఇదీ ఉండాలి అదీ ఉండాలి అంటే, మొదటిదానికి పడినవాళ్ళకే రెండోది దూర్చాలి. అంతే. అంతేనా అంటే అంతే, కానీ ఆ అంతలోనే మనుషులు తప్పిపోతారు.

ఆ మరుసటేడు మా అక్కకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. చెంపలు లోపలికి పోయాయి. కఫంలో ఏమీ కనబడలేదు గానీ ఎక్సరేలో మచ్చ కనబడింది. అప్పటికి ఆమె కొడుక్కి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. వాణ్ణి దగ్గరికి తీయొద్దని డాక్టరమ్మగారు చెబితే, అక్క ఇంటి అరుగు మీద ఒక మూలన కూర్చునేది, వాడు ఇంకో మూలన కూర్చుని చేతులు చాపి ఏడ్చేవాడు. బావ మధ్యలో కూర్చుని ఇద్దరినీ ఊరడించలేక తలపట్టుకునేవాడు. సెలవు రోజున పోయి అది చూసొచ్చాక నాకు ముద్ద దిగేది కాదు. నా తల్లి రెండోసారి పోతున్నట్టే ఉండేది. అక్క కార్డుకు బెజ్జాలు కత్తిరించింది నేనే. ఎక్సరేది ఒకటి, బిడ్డది ఒకటి.

అప్పట్లో క్షయకు సూదిమందు వచ్చింది గానీ, మా ఆసుపత్రికి చేరేది చుక్కచుక్కే. ఒకనాటి మధ్యాహ్నం డాక్టరమ్మగారు మా గదిలోకి వచ్చి, మందు కొంత వచ్చిందని, అందరికీ చాలదని చెప్పారు. "కఫంలో క్రిమి ఉన్నవాళ్ళు కావచ్చు, ఎక్సరేలో మచ్చ ఉన్నవాళ్ళు కావచ్చు. ఎవరైనా సరే, ఇంట్లో చిన్న బిడ్డ ఉంటేనే ఈసారి పిలుద్దాం. ముందు పిల్లల్ని కాపాడుకోవాలి. బిడ్డ లేనివాళ్ళకు మళ్ళీ వచ్చే మందు" అన్నారు. మాటలో తిరకాసేమీ లేదు. మచ్చ ఉంది, బిడ్డ ఉంది, అక్కకు మందు వచ్చినట్టే!

పిన్నమ్మ దబ్బనం తీసుకుంది. ఆమె చెయ్యి నా చెయ్యిలాంటిది కాదు, తడబాటు లేని చెయ్యి. మొదట కఫం బెజ్జంలో దూర్చి ఊపింది. పడినవాటిని సర్ది బల్ల చివర పెట్టింది. మిగిలినవాటికి ఎక్సరే బెజ్జంలో దూర్చి ఊపింది. పడినవాటిని చేతిలోకి తీసుకుని, వాటికి మూడో దబ్బనం, అంటే బిడ్డ బెజ్జంలో దూర్చి ఊపింది. పడినవాటిని తీసుకుపోయి బల్ల చివరి దొంతి కింద చేర్చింది. దొంతి ఇంత ఎత్తు అయింది.

నేను పక్కనే నిలబడి కార్డులు అందిస్తున్నాను. నాకూ తేడా ఏమీ కనబడలేదు. బల్ల చివర పెట్టిన మొదటి దొంతి, జల్లించి డబ్బాలో పోసిన బియ్యం కదా! దాన్ని మళ్ళీ జల్లెడ దగ్గరికి ఎవరు తెస్తారు? విడవలూరు చేతులకు తోచలేదు, బోగోలు చేతులకూ తోచలేదు.

డాక్టరమ్మగారు వచ్చి దొంతి చూసి, "ఇంతమందా!" అన్నారు. ఉన్న మందు ఎంతమందికి సరిపోతుందో చూసి, పైనుంచి అంతవరకు లెక్కబెట్టి అక్కడొక కాగితం ముక్క అడ్డం పెట్టారు. "ఇక్కడిదాకా ఉన్నవాళ్ళకు రమ్మని పోస్టు కార్డుముక్కలు రాసి రేపు టపాలో వేయండి. కింద ఉన్నవాళ్ళు వచ్చేసారికి" అని వెళ్ళిపోయారు.

మా అక్క కార్డు ఎక్కడుందో నాకు తెలుసు. అట్టడుగున ఉంది. నేనే అందించాను కదా. ఏం చెయ్యను? మా అక్కను పైకి తీయండి అని ఏ మొహం పెట్టుకుని అడగను? ప్రతి కార్డు వెనకా ఎవరో ఒకరి అక్క ఉంటుంది. కోపం మాత్రం వచ్చింది. దేవుడి మీద, మందు చేసేవాళ్ళ మీద, పైన ఉన్న కార్డులన్నిటి మీద వచ్చింది. పళ్ళు బిగబట్టి కలం తీసుకున్నాను.

పిన్నమ్మ కార్డులు తీసి పేరూ ఊరూ చదువుతోంది, నేను రాస్తున్నాను. కొన్ని అయ్యాక ఆమె గొంతు ఆగిపోయింది. తలెత్తి చూస్తే, చేతిలో ఉన్న కార్డును రెండు కళ్ళకూ అద్దుకుంటోంది. ఆమె తమ్ముడి కార్డు అది. ఆమెకు ఈ లోకంలో మిగిలింది ఆ తమ్ముడొక్కడే. అతని పెళ్ళాం కాన్పులో బిడ్డతో సహా పోయింది. బోగోలు దగ్గర కాస్త మెట్టచేను, వేరుశనగ వేసుకునేవాడు. అతనికి కఫంలో నెత్తురు పడుతోందని ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. ఏడుపులు ఒకరి ముందు పెట్టే మనిషి కాదు.

"వచ్చినాదే, వాడికి మందొచ్చినాది" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదలు. నా కోపమంతా ఎక్కడికో పోయింది. పోనీలే, ఒక ఇంట్లోనైనా దీపం వెలుగుతుంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆమె కార్డు కిందపెట్టబోయి ఆగింది. తిప్పి చూసింది. బొటనవేలితో అంచు తడుముతూ పోయి మూలనున్న బెజ్జం దగ్గర ఆపింది. బిడ్డ బెజ్జం. అది తెగలేదు.

బయట వరండాలో ఎవరో దగ్గుతున్నారు.

"ఏమ్మే" అంది. "వీడికి బిడ్డ యాడుండాడు?"

ఆ కార్డు ఆ దొంతిలో ఉండడానికి వీల్లేదు. ఉందంటే మేం ఏరినదంతా తప్పు. ఈ సంగతి పట్టగలిగిన మనిషి ఆ రోజు ఆసుపత్రిలో ఆమె ఒక్కతే, ఎందుకంటే అది ఆమె తమ్ముడి కార్డు. నోరు మూసుకుని ఆ పేరు కూడా చదివి ఉంటే నేను రాసేసేదాన్ని. బ్రహ్మదేవుడికి కూడా తెలిసేది కాదు.

"నోరెళ్ళబెట్టి చూస్తావేంది? అన్నీ ఇట్టా తే" అని కసిరింది. "మొదట పడినోళ్ళకు మూడోది దూర్చనే లేదు నేను. డబ్బాలో పోసేసినట్టు పక్కన పెట్టేసినా. పాడు అలవాటు!"

"పిన్నమ్మా, పొద్దు వాలిపోయింది. రేపు చూసుకుందాం" అన్నాను. ఆమెకు ఒక్క రాత్రయినా ఆ సంతోషం ఉండనీ అనిపించింది.

"రేపటికి నా మనసు మారితే?" అంది.

రాసిన కార్డుముక్కలు చించేసింది. క్రిమి ఉన్నవాళ్ళనీ మచ్చ ఉన్నవాళ్ళనీ ముందు ఒకే దొంతిగా కలిపింది. తమ్ముడి కార్డును కూడా అందరితోపాటు మధ్యలో దోపింది. ఆ మొత్తానికి అప్పుడు మూడో దబ్బనం దూర్చింది. ఎత్తి ఊపింది. కార్డులు జలజలా రాలాయి. మా అక్క కార్డు నా కాళ్ళ దగ్గర పడింది. ఆమె తమ్ముడి కార్డు దబ్బనానికి వేలాడుతూ ఉండిపోయింది. ఆమె దానివైపు చూసి ఇంకొక్కసారి ఊపింది. అది పడలేదు.

ఈసారి దొంతి చిన్నది. ఉన్న మందు అందరికీ సరిపోయింది.

పొద్దున్నే డాక్టరమ్మగారికి జరిగింది చెప్పాం. ఎట్లా పట్టుకున్నారని ఆవిడ అడిగితే, పిన్నమ్మ దాపరికం లేకుండా చెప్పింది. డాక్టరమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని, వచ్చే మందులో మొదటి వంతు మీ తమ్ముడికే అన్నారు. "వద్దమ్మా. అప్పుడు మీరేం కట్టడి పెడతారో, అందరితోపాటు వాడికీ అదే" అంది పిన్నమ్మ.

అక్క మందు మీద తేరుకుంది. దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, చెంపలు నిండాయి, నోరు మళ్ళీ లేచింది. ఒకనాడు నేను వెళ్ళేసరికి కొడుకును ఒళ్ళో పెట్టుకుని పాలబువ్వ తినిపిస్తూ, తినవేరా గాడిదా అని తిడుతోంది. ఆ తిట్టు వింటూ నేను గడపలో కూర్చుని ఏడ్చాను. ఇంత ఆనందం ఎవరి చేతి చలవో ఆ రోజే ఆమెకు చెప్పాను.

పిన్నమ్మ తమ్ముడికి ఆ యేటి తుఫాను వానలు వెలిశాక గానీ మందు అందలేదు. ఆలోపు ఒక ఊపిరితిత్తి పాడైపోయింది. మనిషి దక్కాడు, కానీ ఇంటినుంచి బండిబాట దాకా నడిచినా ఆయాసపడేవాడు. అక్క ఊరుకోలేదు. బావను వెంటబెట్టుకుని బోగోలు వెళ్ళి ఆయన ముందు నిలబడి చేతులు జోడించింది. ఏదో చెప్పాలని పోయి ఏడుస్తూ నిలబడిపోతే, జరిగిందంతా బావే చెప్పాడట.

"ఏందమ్మా, నా మందంతా ఎక్కించుకుని ఇప్పుడు నా ఇంటికొచ్చి ఏడుస్తావా?" అన్నాడట ఆయన. "ఏడిస్తే బలం పోతుంది. నా మందు వృథా చేయబాక. బువ్వ తిని పో."

అప్పటినుంచి ఆయన మా వాళ్ళయిపోయాడు. కాయలు పీకే రోజుల్లో బస్సు మీద వేరుశనక్కాయల మూట వేసుకుని వచ్చేవాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే, "నా మందు ఎట్టుండాది?" అని కేకేసేవాడు. "నీకంటే లావుగా ఉండాదిలే అన్నా, రా" అనేది అక్క లోపలినుంచి. ఆమె కొడుకు ఆయన్ని సూదిమామ అని పిలిచేవాడు. ఆయన మంచం మీద కూర్చుని కాయలు ఒలిచి పెడుతుంటే, వాడు నోరు తెరుచుకుని ఎదురుగా నిలబడేవాడు. పిన్నమ్మ మాత్రం ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనెత్తితే, "పనిచూడు" అనేది.

అరవైలు ముగియవస్తుండగా, ఒక చలికాలంలో ఆయన పోయాడు. కబురు అందగానే అక్కా బావా, నిక్కరు వేసుకునే వయసుకొచ్చిన వాళ్ళ కొడుకూ, నేనూ అందరం వెళ్ళాం. ఇంటిముందు పాడె సిద్ధమైంది. పిన్నమ్మ తమ్ముడి తల దగ్గర కూర్చుంది. తలకొరివి ఎవరు పెట్టాలన్న దగ్గర పని ఆగిపోయింది. దూరపు దాయాదులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఒకాయన నడుం నొప్పన్నాడు, ఇంకొకాయన తన ఇంట్లో శుభకార్యం ఉందన్నాడు.

మా అక్క లేచింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి ముందుకు తెచ్చింది. "మా వాడు పెడతాడు" అంది.

పెద్దమనిషి ఒకాయన గయ్యిమన్నాడు. "తండ్రి బతికుండంగా పిల్లోడు పరాయివాడికి కొరివి పెట్టేదేంది?"

"ఆ తండ్రిని నేనే. పెడతాడు" అన్నాడు బావ.

"వీడు ఆయనకేమవుతాడని పెడతాడయ్యా?"

పిన్నమ్మ అప్పటిదాకా తలెత్తలేదు. ఇప్పుడెత్తి, పిల్లవాడివైపు చూసింది.

"ఆ పొద్దు బిడ్డ లేడనే నా తమ్ముడు దబ్బనానికి వేలాడిపోయినాడు. నా చేత్తో నేనే ఊపినా, రెండుసార్లు ఊపినా, పడలా" అంది. "ఇప్పుడు బిడ్డ ఉండాడు. ఇప్పుడు ఊపి చూడండి."

ఆ మాట అక్కడున్న ఎంతమందికి అర్థమైందో తెలియదు. అడ్డుచెప్పిన పెద్దమనిషి పక్కకు జరిగాడు. మా అక్క కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు.